కాదు అని రాసిన చినమామగారు

మొన్న శనివారం పొద్దున్న మా ఎదురింటి అమ్మాయి లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. రెడ్‌మండ్‌లో మా వీధిలో ఇప్పుడు సగానికి పైగా ఇళ్ళు మనవాళ్ళవే. ఈ అమ్మాయిది ఖమ్మం, భర్తది కాకినాడ, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఏళ్ళ తరబడి వీసాల మీద, ఆ తర్వాత గ్రీన్‌కార్డు మీద నెట్టుకొచ్చి, ఇన్నాళ్ళకి పౌరసత్వానికి అప్లై చేస్తోంది. తప్పులు పోతాయేమోనని పక్కన పెద్దవాళ్ళెవరైనా ఉంటే ధైర్యంగా ఉంటుందట. నేను కాఫీ కలుపుతున్నాను. తను ప్రశ్నలు పైకి చదువుకుంటూ టకటకా నొక్కుకుంటూ పోతోంది.

“ఆంటీ, ఇదేంటి, చట్టం అడిగితే దేశం కోసం వెపన్ పట్టుకోవడానికి రెడీనా అంటున్నాడు! నేను గన్ పట్టుకోవడమేంటి ఆంటీ! యెస్ అని క్లిక్ చేసేయనా?”

నేను నోరు తెరిచేలోపే క్లిక్ చేసి తరువాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. రెండు క్షణాలు కూడా పట్టలేదు. నేను మాత్రం పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంచుమించు అదే ప్రశ్నకి, ఇదే దేశంలో, మా అత్తవారింట్లో ఇద్దరు అన్నదమ్ములు చెరొక జవాబు రాశారు. ఆ తరువాత ముప్పై ఏడేళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

నా ఈడువాళ్ళు, డెబ్బైల్లో వైద్యం చదువుకుని ఒక్క సూట్‌కేసుతో ఇక్కడ దిగినవాళ్ళు, ఇది చదివితే కొంతైనా నన్ను అర్థం చేసుకుంటారనే ధైర్యంతో రాస్తున్నాను. గుంటూరులో మెడిసిన్ పూర్తిచేసి సియాటిల్‌లో ఒక ఆసుపత్రిలో పై శిక్షణకి వచ్చిన నేను, అక్కడ మందుల విభాగంలో పనిచేసే జపనీయుల అబ్బాయిని పెళ్ళి చేసుకున్నాను. జపనీయుల అబ్బాయి అంటున్నాను గానీ ఆయనా, ఆయన తండ్రీ కూడా ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళే. ఓడెక్కి వచ్చింది ఆయన తాతా బామ్మా. పెళ్ళి సంగతి తెలిసి మా నాన్న ఏణ్ణర్ధం నాకు ఉత్తరం ముక్క రాయలేదు. మా అమ్మ మాత్రం ఆయనకి తెలియకుండా పక్కింటావిడ చేత చిరునామా రాయించి ఉత్తరాలు పోస్టు చేసేది. కనక ఇంట్లో ఒక మనిషి మాటలు మానేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసుననే అనుకునేదాన్ని. కాని మా నాన్న మౌనంలో, తలుపు వెనకాల నిలబడి వింటున్న మనిషి అలికిడి వినిపించేది. అత్తవారింట్లో తలుపు లేదు, గోడే ఉంది.

అక్కడ పెద్దవాళ్ళిద్దరినీ ఇంగ్లీషు పద్ధతిలో డాడ్, మామ్ అని పిలిచేదాన్ని, మనసులో మాత్రం మామగారు, అత్తగారు అనే అనుకునేదాన్ని. ఈ కథలో కూడా వాళ్ళని అలాగే అంటాను. మామగారు పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. యుద్ధంలో దెబ్బ తగిలిన ఎడమకాలు ఈడుస్తూ నడిచేవారు. అత్తగారు ఇంట్లో ఎక్కడ ఏ మాట పలికితే ఏమవుతుందో లోపల లెక్కవేసుకున్నాకనే పలికేవారు. మా వారి బామ్మగారు అప్పటికి ఎనభైకి దగ్గరపడి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వేలెడంత కత్తితో ముల్లంగి దుంపలు చెక్కుతూ ఉండేది. ఆవిడకి ఇంగ్లీషు పది ముక్కలు వచ్చు, నాకు జపనీసు పది ముక్కలు వచ్చు. ఆ ఇరవై ముక్కలతోనే మేమిద్దరం బాగా స్నేహితులమయ్యాం.

వాళ్ళ పూర్వకథ మా వారు నాకు విడతలు విడతలుగా చెప్పారు. ఇప్పుడు అద్దాల మేడలూ, షాపింగ్ వీధులూ ఉన్న ఈ చుట్టుపక్కల నేలంతా ఒకప్పుడు జపాను రైతులు మొద్దులు పెకలించి, బాగుచేసి స్ట్రాబెర్రీలు పండించిన నేల. జపాను నుంచి వచ్చినవాళ్ళకి భూమి కొనే హక్కు లేదు, పౌరసత్వం అడిగే హక్కూ లేదు. అందుకని తాతగారు ఇక్కడే పుట్టిన పెద్దకొడుకు పేరు మీద పొలం పెట్టారు. జపానుతో యుద్ధం మొదలైన కొన్ని నెలలకి, స్ట్రాబెర్రీలు ఎర్రబడుతున్న రోజుల్లో, కోతకి ఇంకా వారం ఉందనగా అందరినీ రైలెక్కించి తీసుకుపోయారు. కాలిఫోర్నియా ఉత్తరపు అంచున ఎండిపోయిన సరస్సు అడుగున కట్టిన శిబిరంలో, ముళ్ళకంచె లోపల, ఒక్క గదిలో నలుగురు.

అక్కడ ఉండగానే వాళ్ళ చేతికి ఒక కాగితం ఇచ్చారు. అందులో రెండు ప్రశ్నలు ముఖ్యం. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి వెళ్ళి ఈ దేశం తరఫున పోరాడతావా అన్నది ఒకటి. ఈ దేశానికే విధేయుడివై జపాను చక్రవర్తి మీది విధేయత వదులుకుంటావా అన్నది రెండోది. ఆ చక్రవర్తిని ఎన్నడూ కొలవని పిల్లలు దేన్ని వదులుకోవాలో తెలియక తికమకపడ్డారట. ఇరవై రెండేళ్ళ మా మామగారు రెండింటికీ అవును అని రాసి సైన్యంలో చేరారు. పంతొమ్మిదేళ్ళ ఆయన తమ్ముడు రెండింటికీ కాదు అని రాశాడు.

తమ్ముడు అంటే మా చినమామగారు. పెళ్ళయిన కొత్తలో నాకు అలాంటి మనిషి ఒకరున్నారనే తెలియదు.

మొదటి వేసవిలో వాళ్ళ బౌద్ధుల గుడి ఆవరణలో చనిపోయిన పెద్దలని తలుచుకునే పండగ జరిగింది. మన పెద్దల అమావాస్య లాంటిదే గానీ ఇక్కడ దుఃఖపడరు, రంగురంగుల కాగితం లాంతర్లు కట్టి గుండ్రంగా తిరుగుతూ నాట్యం చేస్తారు. నేను చీర కట్టుకుని వెళ్ళాను. ఒక మూల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న పెద్దమనిషి అచ్చం మా మామగారి పోలికే అనిపించి, దూరపు చుట్టమేమోనని పళ్ళెంలో పలహారం పెట్టుకుని వెళ్ళి పలకరించాను. ఆయన లేచి నిలబడి, వంగి నమస్కారం చేసి, రేడియోలు బాగుచేసే కొట్టు ఉందనీ, మా ఇంట్లో ఏదైనా పాడైతే తెమ్మనీ చెప్పారు. ఆయన కళ్ళు మాత్రం నా భుజం మీదుగా ఎవరినో చూస్తున్నాయి. వెనక్కి తిరిగేసరికి మా మామగారు చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టి, కాలు ఈడ్చుకుంటూ గేటు వైపు నడిచిపోతున్నారు. ఆ రోజు మేమంతా పండగ మధ్యలోనే కారెక్కాం. ఇంటికొచ్చాక అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో అన్నారు: “నీ తప్పు లేదు, నీకెవరూ చెప్పలేదు. ఆయన మీ మామగారి తమ్ముడు. గుడిలో ఆయన అటు కూర్చుంటే మనం ఇటు. ఆయన పేరు ఈ ఇంట్లో ఎత్తకూడదు.”

తరువాత తెలిసింది. ఇటలీ కొండల్లో మామగారి పక్కనే, శిబిరంలో పక్కగదిలో ఉండిన స్నేహితుడు తూటా తగిలి చనిపోయాడు. ఆ స్నేహితుడి తల్లికి కొడుకు పోయిన కబురు ముళ్ళకంచె వెనకాలే అందింది. మామగారు ఆసుపత్రి నుంచి కర్ర ఊతంతో తల్లిదండ్రులని చూడడానికి శిబిరానికి వచ్చినప్పుడు, తమ్ముడు గేటు దాకా ఎదురొచ్చాడట. “నువ్వు కాదన్న చోట వాడు చచ్చిపోయాడు,” అని మామగారు ఆ ఒక్క మాట అన్నారట. అన్నదమ్ముల మధ్య అదే ఆఖరి మాట. కాదని రాసినవాళ్ళని ద్రోహులని సర్కారు వేరుచేసి కాపలా పెట్టింది. యుద్ధం అయ్యాక సొంతవాళ్ళు కూడా వాళ్ళని ద్రోహులుగానే చూశారు. చినమామగారికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. మామగారు బ్లాక్‌బెర్రీ ముళ్ళకంపతో నిండిపోయిన పొలంలో సగం బాగుచేసుకుని మళ్ళీ బతుకు మొదలుపెట్టారు. చినమామగారు సియాటిల్‌లో కొట్టు వెనక గదిలో కాపురం పెట్టారు. ఇద్దరి మధ్యా దూరం వంతెన దాటి అరగంట.

ఎనభైల మొదట్లో ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసిందనీ, అది ఊరూరా తిరిగి శిబిరాల్లో ఉన్నవాళ్ళు చెప్పేది వింటుందనీ తెలిసింది. మా ఆడపడుచు అప్పుడు లా చదువుతోంది. తన చిన్నతనమంతా ఇంట్లో శిబిరం మాట వస్తే రేడియో గొంతు పెంచేవారని తనకి కోపం. ఒకాదివారం భోజనాల దగ్గర, నాన్నా నువ్వు వెళ్ళి చెప్పాలి, బాబాయి కూడా చెప్పాలి అంది. బాబాయి అన్న మాటతో బల్ల మీద చేతులన్నీ ఆగిపోయాయి.

“అతను మాట్లాడే చోట నేను మాట్లాడను,” అన్నారు మామగారు.

“అయితే బాబాయి తుపాకి పట్టలేదని నీ కోపమా, నువ్వు పట్టావని కోపమా?” అంది ఆడపడుచు. మామగారు లేవలేదు, అరవలేదు. తన పళ్ళెంలోని అన్నం మెతుకులు ఒక్కొక్కటే ఏరుకుని తిని, పళ్ళెం కడిగి బోర్లించి, తోటలోకి వెళ్ళిపోయారు. కిటికీ పక్కన కూర్చున్న బామ్మగారి చేతిలో ముల్లంగి జారి కింద పడింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు.

బామ్మగారికి గుండె బలహీనం. మర్నాటి నుంచి ఆవిడ తిండి తగ్గించేసింది. నేను పని నుంచి వస్తూ రోజూ ఆగి నాడి చూసేదాన్ని. వారం తరువాత ఒక మధ్యాహ్నం, బీపీ పట్టీ చేతికి చుడుతూంటే, ఆవిడ నా మణికట్టు పట్టుకుని తనకొచ్చిన పది ముక్కల ఇంగ్లీషులో అంది: “చిన్నబ్బాయి కాదు. నేను. నేను కాదు చెప్పాను.” అర్థం కాక అత్తగారిని పిలిచాను. ఇద్దరూ జపనీసులో మాట్లాడుకున్నారు. మాట్లాడుతూంటే అత్తగారి మొహంలో రంగు దిగిపోయింది. ఏమంటున్నారని అడిగితే చెప్పారు. కాగితం వచ్చినప్పుడు, ఇద్దరు కొడుకులూ వెళ్ళిపోయి ఇద్దరూ తిరిగిరాకపోతే ఏమిటి గతి అని భయపడి, బామ్మగారే చిన్నకొడుకుని బట్టలుతికే పాక వెనక్కి పిలిచి, నువ్వు కాదు అని రాయి, నువ్వు మాతో ఉండు అని చెప్పిందట. అన్నకి చెప్పవద్దని కూడా చెప్పిందట.

“ఈ మాట నువ్వు వినలేదు,” అన్నారు అత్తగారు. “మీ మామగారి గుండె కూడా తల్లి గుండెలాంటిదే. ఇన్నేళ్ళు దేన్ని పట్టుకుని నిలబడ్డారో దాన్ని లాగేస్తే మనిషి ఏమవుతారు?”

ఆ ప్రశ్న తేలికైనది కాదు. నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. మా వారిని అడిగితే, నీకు ఏది సబబనిపిస్తే అది చెయ్యి, కానీ చేశాక వెనక్కి తీసుకోలేవు అన్నారు. బయటినుంచి వచ్చిన కోడలిని. వాళ్ళ యుద్ధం నాది కాదు, వాళ్ళ దేశం కూడా అప్పటికి నాది కాదు. అయినా రోజూ నేను వెళ్ళేసరికి బామ్మగారు నా వంక కాకుండా నా వెనక ఎవరైనా వచ్చారేమోనని గుమ్మం వంక చూసేది. అయిదో రోజు ఆసుపత్రిలో సెలవు పెట్టి చినమామగారి కొట్టుకి వెళ్ళాను.

విప్పిన రేడియోల మధ్య కూర్చున్న ఆయన నేను చెప్పిందంతా వింటూ, సన్నటి తీగ ఒకటి పట్టకారుతో పట్టుకునే ఉన్నారు. “అమ్మకి వయసైపోయింది. మతిమరపు. ఆవిడ మాటలు పట్టించుకోకు,” అన్నారు.

“ఆవిడకి మతిమరపు లేదు. నేను డాక్టర్ని,” అన్నాను. “మిమ్మల్ని చూడాలంటోంది. ఎక్కువ రోజులు ఉండదు.”

“అతను ఇంట్లో ఉంటాడా?”

“ఉంటారు. ఈ వచ్చే ఆదివారం మోచి దంచుతారు. అందరూ ఉంటారు.”

ఆయన పట్టకారు కింద పెట్టి గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. అవి శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడుచుకుంటూనే ఉన్నారు. ఆ తరువాత ఎన్నింటికి వస్తావని అడిగారు.

మోచి సంగతి చెప్పాలి. కొత్త సంవత్సరానికి ముందు జిగురు బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, పెద్ద కొయ్యరోటిలో వేసి, బరువైన కొయ్య సమ్మెటతో ముద్దయ్యేదాకా దంచి, ఉండలు చేస్తారు. దంచడం ఒకరి పని. దెబ్బకీ దెబ్బకీ మధ్య తడిచేత్తో ముద్దని తిప్పడం రెండోవాళ్ళ పని. ఇద్దరి లయా కలవకపోతే చెయ్యి నుజ్జవుతుంది. మా పల్లెలో రోకలి పోటు వేసేవాళ్ళని చూసి పెరిగిన నాకే మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. మామగారు దంచితే బామ్మగారే తిప్పేది. ఆ ఏడు ఆవిడ వల్లకాదు గనక ఎవరు తిప్పాలన్నది ఇంకా తేలలేదు.

ఆ ఆదివారం సన్నగా చినుకులు పడుతున్నాయి. గరాజు తలుపు ఎత్తి ఉంది, లోపల పొయ్యి మీద ఆవిరి. బామ్మగారికి దుప్పటి కప్పి కుర్చీలో కూర్చోబెట్టారు. అత్తగారు అప్పుడే మొదటి వాయి రోట్లో బోర్లించారు. మామగారు సమ్మెట నీళ్ళలో ముంచి చేతిలోకి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే నేను కారు తెచ్చి వాకిట్లో ఆపాను. చినమామగారు దిగారు. టై కట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని, వానలోనే నిలబడిపోయారు.

ఎవరూ కదల్లేదు. మామగారి చేతిలో సమ్మెట ఉంది. నేను కారు పక్కనుంచి ఆ సమ్మెట వంకే చూస్తున్నాను.

“ఎవరు పిలిచారు?” అన్నారాయన.

“నేనే తీసుకొచ్చాను,” అన్నాను.

“ఈ ఇంటి సంగతులు నీకు తెలియవు.”

“ఒకటి తెలుసు డాడ్. అది మీకు తెలియదు.”

ఆయన నా వైపు ఒక అడుగు వేశారు. అత్తగారు చేతులు జోడించినట్టు రొమ్ము దగ్గర పట్టుకున్నారు. అప్పుడు బామ్మగారు మాట్లాడడం మొదలుపెట్టింది. పెద్దగా కాదు, ముల్లంగి చెక్కుతూ తనలో తాను మాట్లాడుకున్నట్టే, జపనీసులో, ఎవరి వంకా చూడకుండా. మామగారు ఆగిపోయారు. నాకూ మా ఆడపడుచుకీ ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఏమంటోంది, ఏమంటోంది అని తను తల్లి చెయ్యి పట్టుకుని కుదుపుతూంటే, అత్తగారు చివరికి ఒక్కొక్క మాటే ఇంగ్లీషులో చెప్పారు. మీ నాన్నకి అప్పుడు జ్వరం. చక్రవర్తిని వద్దంటే మాకు ఏ దేశమూ లేకుండా పోతుందన్నారు, ఈ దేశం మమ్మల్ని తనవాళ్ళనదు. నువ్వు అప్పటికే వెళ్తానని సంతకం పెట్టేశావు. వీడిని పాక వెనక్కి పిలిచాను. నువ్వు ఉండు అన్నాను. నీకు చెబితే నీ మనసు ఇక్కడే ఉండిపోయి, అక్కడ నీకేమైనా అవుతుందని చెప్పొద్దన్నాను. నువ్వు బతికి వచ్చావు. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. ఏడాది గడిచింది, ఆ పైన ఇంక చెప్పడానికి సిగ్గేసింది.

మామగారు తమ్ముడి వంక తిరిగారు.

“ముప్పై ఏడేళ్ళు. ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“నువ్వు అడగలేదు,” అన్నారు చినమామగారు.

మామగారి మెడ మీద నరం కొట్టుకోవడం నేను అంత దూరం నుంచీ చూశాను. కూలబడిపోతారేమోననీ, సమ్మెట విసిరేస్తారేమోననీ, ఏదైతే అది నా మూలానే అయిందంటారనీ ఒకేసారి అనిపించింది. బామ్మగారు ఉన్నట్టుండి కుర్చీలో ముందుకి వంగి, గట్టిగా, కోపంగా ఒక మాట అంది. మా ఆడపడుచు పకాలున నవ్వబోయి నోరు మూసుకుంది, ఆ ముక్క తనకి తెలుసు: అన్నం చల్లారిపోతోంది!

చల్లారితే మోచి కుదరదు. మామగారు రోటి దగ్గరికి వచ్చి సమ్మెట మళ్ళీ నీళ్ళలో ముంచారు. రోటికి అవతల చోటు ఖాళీగా ఉంది. మా వారు అటు కదలబోతే అత్తగారు చొక్కా పట్టుకుని ఆపారు. చినమామగారు తడిసిన కోటు విప్పి, టై కొస చొక్కా లోపలికి దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, గిన్నెలో చెయ్యి ముంచి రోటి అంచు మీద పెట్టారు. అంతకు మునుపు ఆయన మోచి తిప్పింది యుద్ధానికి ముందే.

మామగారు సమ్మెట ఎత్తారు. ఆ మొదటి దెబ్బ ఎంత నెమ్మదిగా పడిందో చెప్పలేను. దెబ్బ, చెయ్యి, దెబ్బ, చెయ్యి. చినమామగారు పైకి చూడలేదు. ఒక్కసారి కూడా సమ్మెట వంక చూడలేదు. అన్నగారి కళ్ళు మాత్రం తమ్ముడి వేళ్ళ మీంచి కదల్లేదు. కొంచెం కొంచెంగా వేగం అందుకుంది. నేను డాక్టర్ని గనక ఆ వేళ్ళలో ఎన్ని ఎముకలున్నాయో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ముద్ద నున్నగా మెరిసేదాకా అలాగే సాగింది. అప్పుడు మామగారు సమ్మెట దించి, వగరుస్తూ, “ఇంకో వాయి,” అన్నారు.

అంతకు మించి ఆ రోజు ఆ ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. వసంతంలో బామ్మగారు నిద్రలోనే పోయింది. అంత్యక్రియలకి గుడిలో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. అలా నిలబడడం చూసి ఊళ్ళో కొందరు మొహం తిప్పుకున్నారని కూడా చెప్పాలి.

ఆ సెప్టెంబరులో ఆ సంఘం సియాటిల్ వచ్చింది. హాలు నిండా జనం. మామగారు మాట్లాడనన్నారు, కానీ సైనికుల టోపీ పెట్టుకుని వచ్చి మూడో వరుసలో, తనతో యుద్ధం చేసినవాళ్ళ మధ్య కూర్చున్నారు. చినమామగారి పేరు పిలిచారు. తల్లి అడిగితే అలా రాశానని చెబుతారనే మేమంతా అనుకున్నాం. ఆయన తల్లి ఊసే ఎత్తలేదు. “నేను కాదని రాశాను. పంట కోతకి వారం ముందు నన్ను ఇంట్లోంచి తీసుకుపోయి కంచె వెనక పెట్టి, మాకోసం చస్తావా అని అడిగారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం తప్పని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు,” అన్నారు. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. సైనికుల వరుసలోంచి ఎవరో పిరికివాడని గొణగడం నాకు స్పష్టంగా వినిపించింది, ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు మామగారు లేచారు. ఆయన కూడా వెళ్ళిపోతున్నారనే అనుకున్నాను. వెళ్ళలేదు. ముందు కుర్చీ వీపు పట్టుకుని, కుంటికాలి మీద, తమ్ముడు చెప్పడం పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డారు. కూర్చోమని వెనకనుంచి అన్నా కూర్చోలేదు.

తిరుగుదారిలో నేను డ్రైవ్ చేస్తున్నాను, వెనక సీట్లో అన్నదమ్ములు. వంతెన సగం దాటాక మామగారు అడిగారు: “అమ్మ చెప్పిందని రాశావా, కోపంతో రాశావా?”

“రెండూ,” అన్నారు చినమామగారు. “అమ్మ అడగకపోయినా రాసేవాడినేమో. నాకే తెలియదు.”

మామగారు కిటికీలోంచి నీళ్ళ వంక తిరిగారు. “కోపం నాకూ ఉండేది. నేను దాన్ని ఇటలీ దాకా మోసుకెళ్ళాను,” అన్నారు.

ఆ తరువాత చినమామగారు ప్రతి ఆదివారం మా అత్తవారింటికి భోజనానికి వచ్చేవారు. ఇద్దరూ ఎక్కువగా వాతావరణం గురించి, చేపల గురించి మాట్లాడుకునేవారు. అలా అయిదేళ్ళు. దేశం తప్పు ఒప్పుకుని క్షమాపణ ఉత్తరం పంపేనాటికి చినమామగారు లేరు. మామగారు తనకొచ్చిన ఉత్తరం మడతపెట్టి సొరుగులో పెట్టేసి, నాకు కాదు ముందు రావలసింది అన్నారు. నేను చేసింది సరైనదేనని ఆయన ఎన్నడూ అనలేదు, తప్పనీ అనలేదు. అత్తగారు మాత్రం చివరిరోజుల్లో ఒకసారి నా చెయ్యి నిమిరి, ఆయన్ని ఇంటికి పిలుచుకొచ్చే ధైర్యం నాకు ముందే ఉండుంటే వాళ్ళకి ఇంకో ఇరవై ఏళ్ళు దక్కేవి అన్నారు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు, మా వారూ లేరు. నా మనవరాలు కాలేజీలో జపనీసు నేర్చుకుంటోంది, శ్రద్ధగా, చక్కటి ఉచ్చారణతో. ఆ రోజు గరాజులో బామ్మగారు అన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పమని, రికార్డ్ చేసుకుంటానని ఫోను నా ముందు పెడుతుంది. నేను చెప్పలేను. నా చెవిలో ఉన్నది ఆ గొంతు ఎత్తూ, పల్లమూ, మధ్యలో తీసుకున్న ఊపిరీ. మాటలు నా దగ్గర ఎన్నడూ లేవు. పైగా ఆవిడది తన పడుచుతనంలో ఓడ మీద తెచ్చుకున్న పల్లెటూరి జపనీసు. అది ఇప్పుడు ఆ పల్లెలోనే ఎవరూ మాట్లాడటం లేదని మా అత్తగారు అంటూండేవారు. నా తెలుగు చూసి ఎదురింటి అమ్మాయి, ఆంటీ మీరు పాత పుస్తకంలా మాట్లాడతారు, సో క్యూట్ అంటుంది. మా రోజుల్లో ఇళ్ళల్లో మాట్లాడని మాటలే ఎక్కువ, వాటి బరువుకి మనుషులు వంగిపోయారు. ఇప్పటి పిల్లలు అన్నీ అడుగుతారు, అన్నీ చెప్పుకుంటారు, అది చూస్తే నాకు సంతోషమే. ఫోను ముందు పెట్టుకుని ఓపికగా ఎదురుచూస్తున్న ఆ పిల్లకి ఇవ్వడానికి నా దగ్గర ఇంగ్లీషులో విన్న అర్థం ఒక్కటే ఉంది. దాన్నే నా గుంటూరు తెలుగులోకి మార్చి చెబుతాను, తను మళ్ళీ జపనీసులోకి మార్చుకుని, ఇలాగే అని ఉంటుందా అమ్మమ్మా అని అడుగుతుంది. ఏమో తల్లీ, అంటాను.